అటక మీది ఏనాలు

భోగికి ముందు వారం ధర్మపురి ఇంటి అటక మీది సామానంతా దించాము. పాత పట్టా కాగితాల కోసం ఎక్కితే కాగితాలు దొరకలేదు, ఏనాలు దొరికాయి. ధర్మపురి, కృష్ణగిరి వైపు మన ఇళ్లలో గిన్నెలూ చెంబులూ అన్నిటినీ కలిపి ఏనాలనే అంటాము. తమిళంలోంచి మన నోట్లోకి వచ్చిన మాట అది. ఆంధ్రలో ఉన్న చుట్టాల దగ్గర అంటే అర్థం కాక మొగం చూస్తారు.

దిగినవి ఇవి. ఇత్తడి గుండిగలు రెండు, పెద్ద గంగాళం ఒకటి, కంచు కంచాలు మూడు, మూత బిగుసుకుపోయిన మరచెంబు, ఇనుప పెనం, పొడుగు కాడ పోపు గరిటె, గుడ్డలో చుట్టిన రాచిప్ప, సొట్టలు పోయిన సత్తు గిన్నెలు అరడజను, అన్నిటికీ అడుగున చారు కాచే ఈయం చెంబు.

మా చిన్నాయన కోడలు అక్కడే నిలబడి అడిగింది, "వీటిలో వేటితో వండుకోవచ్చు? వేటిని ఊరికే చూసుకోవాల?" అని. అడగడానికి కారణముంది. వాళ్లింట్లో రెండేళ్ల పాప ఉంది, పైగా ఈ నడుమ పాత లోహాల్లో వండితే ఆరోగ్యమని ఫోన్ తెరిస్తే చాలు ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. ఆ పూటకి ఏదో జవాబు చెప్పేసి ఉండొచ్చు. కానీ వెదకడం మొదలుపెట్టాక మూడు నెలలు పట్టింది.

ఇనుముతో మొదలుపెడతాము, ఎందుకంటే ఈ ఊరి కథ కూడా దాంతోనే మొదలవుతుంది. ధర్మపురి పాత పేరు తగడూరు, అదియమాన్ రాజుల ఊరు. తగడు అంటే లోహపు రేకు. తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే మాట. ఊరి పేరు దాన్నుంచే వచ్చిందని కొందరంటారు. 2004 దాకా మన జిల్లాలోనే ఉన్న కృష్ణగిరి వైపు మయిలాడుంపారై తవ్వకాల్లో బయటపడిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. మెట్టూరు దగ్గర తెలుంగనూరులో దొరికిన పాతకాలపు కత్తి అయితే హెచ్చు కార్బన్ ఉన్న ఉక్కుదని పరీక్షల్లో తేలింది. ఊరి పేరు చూసి మేమూ ఒక నిమిషం సంబరపడ్డాము గానీ, ఆ కత్తికీ మన తెలుగుకీ ముడి పెట్టడానికి ఏమీ లేదు లెండి.

సేలం కంజమలై ఇనుప రాయి పేరు అప్పట్లోనే దూరం పాకింది. జోసయ్య మార్షల్ హీత్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి కొలువు వదిలేసి, సేలం రాయిని నమ్ముకుని సముద్రపు ఒడ్డున పరంగిపేటలో కొలుములు పెట్టాడు. 1833లో అతని సంస్థకి పెట్టిన పేరు ఇండియన్ స్టీల్, ఐరన్ అండ్ క్రోమ్ కంపెనీ. చివరికి నష్టాలతో మూతపడింది. పేరులోని ఆ క్రోమ్‌ని మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంత చరిత్ర ఉన్నా వంటింట్లో ఇనుముకి ఇచ్చిన చోటు చిన్నది. పెనం, బాణలి, పోపు గరిటె, అంతే. వేపుడికి, దోసెకి ఇనుమే. పులుసు మాత్రం అందులో కాయకూడదు. చింతపండు పులుపు ఇనుమును కరిగిస్తుంది, కూర నల్లబడుతుంది, నాలుకకి తుప్పు రుచి తగులుతుంది. కరిగిన ఇనుము విషమేమీ కాదు, రక్తం తక్కువున్న వాళ్లకి మంచిదే. అయినా అవ్వకి ఒక కట్టుబాటు ఉండేది. వేపుడు దించగానే వేరే గిన్నెలోకి తీసెయ్యాల, బాణలి కడిగి నూనె చెయ్యి రాసి బోర్లించాల, రాత్రికి అందులో ఏమీ ఉండకూడదు.

గంగాళం దించేటప్పుడు అవ్వ మన్రో మాట ఎత్తింది. చదువుకోని మనిషి నోట దొరపేరు రావడం కొత్తవాళ్లకి వింతగా ఉండొచ్చు, మన ఇళ్లలో కాదు. 1792లో టిప్పు చేతిలోంచి బారామహల్ కంపెనీకి వచ్చినప్పుడు కెప్టెన్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన వాళ్లలో థామస్ మన్రో ఒకడు. 1799 దాకా ఇక్కడే శిస్తు లెక్కలు చూశాడు, ధర్మపురిలో ఇల్లు కట్టుకుని తోట పెంచుకున్నాడు. ఆ తర్వాత దత్త మండలాలకి కలెక్టరై పోయాడు, ఆ పైన మద్రాసు గవర్నరయ్యాడు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. తిరుమలలో రోజూ పొంగలి నైవేద్యం పెట్టే పెద్ద పాత్రని ఇప్పటికీ మన్రో గంగాళం అంటారు. కడుపు నొప్పి తగ్గినందుకు మొక్కు తీర్చుకున్నాడని చెప్పుకునే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ పాత్రలో వండేది పొంగలి అన్నది మాకు ముఖ్యం. బియ్యం, పప్పు, నెయ్యి, మిరియాలు. పులుపు చుక్క లేదు.

రాగి, ఇత్తడి పాత్రలకి అసలు చిక్కంతా పులుపుతోనే. మన జిల్లా చింతపండుకి పేరుపడ్డ జిల్లా. పులుసు లేని పూట లేని ఇళ్లు మనవి. పులుపూ ఉప్పూ తగిలితే రాగి కరుగుతుంది, గాలి తగిలి పచ్చగా చిలుము పడుతుంది. కన్నడంలో కిలుబు, తమిళంలో కళింబు. మూడు భాషలకీ మూడు మాటలున్నాయంటే మూడు చోట్లా ఇల్లాళ్లు దాంతో పడ్డ బాధ తెలుస్తుంది. ఆ కూర తింటే వాంతులూ కడుపు నొప్పీ. అందుకే కళాయి. కళాయి అంటే లోపల పూసిన తగరపు పొర. గిన్నెను తోమి, తిత్తి ఊదుతూ కాల్చి, నవాసారం చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. అప్పుడు తగరపు కడ్డీని తాకించి, దూదితో లోపలంతా ఒక్క తిప్పు తిప్పితే అద్దంలా మెరుస్తుంది. చిన్నప్పుడు చూసినవాళ్లకి ఆ పొగ వాసన ఇంకా గుర్తుండే ఉంటుంది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో తినేవి ఉంచి అమ్మకూడదని 1955 నాటి కల్తీ నిరోధక నియమాల్లోనే రాసి ఉంది. ఇవాళ షోరూముల్లో పాలిష్ పెట్టి, లోపల ఏ పూతా లేకుండా, వంటకే అని అమ్ముతున్న ఇత్తడి గిన్నెల్ని చూస్తే మాకు ఆ నియమమే గుర్తొస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. కాబట్టి కళాయి గిన్నెని ఉత్తదిగా పొయ్యి మీద పెడితే పూత పోతుంది, ముందు నీళ్లు పోసి తర్వాత మంట పెట్టాల. అవ్వ ఎప్పుడూ పప్పు వేరేగా ఉడికించి, పోపు ఇనుప గరిటెలో విడిగా కాచి, చివర్లో చుయ్యిమనిపించేది. మేము అది రుచి కోసమనుకుంటూ వచ్చాము. కళాయిని కాపాడుకోవడానికి పుట్టిన పద్ధతేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. కళాయి గిన్నెలు పోయాయి, కుక్కర్లొచ్చాయి, పోపు గరిటె మాత్రం ఇంకా ప్రతి ఇంటా ఉంది.

రాచిప్పది వేరే దారి. అది లోహం కాదు, మెత్తటి బలపపు రాయిని తొలిచి చేసింది. తమిళంలో కల్‌చట్టి. సేలం వైపు ఇప్పటికీ చేస్తారు. పులుపుకి చలించదు, అందుకే వత్తకొళంబుకీ పులుసుకీ దాన్ని మించింది లేదు. దించాక కూడా చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. కానీ కొత్తదాన్ని తెచ్చి నేరుగా మంట మీద పెడితే పగులుతుంది. ఆముదం, పసుపు రాసి కొన్నాళ్లు ఉంచి, వేడి గంజి పోస్తూ కొంచెం కొంచెంగా మంటకి అలవాటు చెయ్యాల. మా అటక మీది రాచిప్ప అడుగున సన్నటి గీత ఉంది. పగులో గీరో తేలలేదు. నీళ్లు పోసి రాత్రంతా కాగితం మీద ఉంచాము, కాగితం తడవలేదు.

సత్తు గిన్నెల దగ్గరికొస్తే మన పిల్లలకి ముందు ఒకటి చెప్పాలి, ఇవి అంత పాతవి కావు. అల్యూమినియాన్ని చవగ్గా తీసే పద్ధతి 1886లో గానీ తెలియలేదు. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఈ లోహంతో గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. రాగి, ఇత్తడి పని దెబ్బతిన్న కంచర్లకి కొత్త పని చూపాలన్నది ఆయన ఉద్దేశం. లోహం మాత్రం అప్పట్లో సీమ నుంచే వచ్చేది. కొన్నేళ్లకి ఆ పనిని ఒక ప్రైవేటు కంపెనీ తీసుకుంది. మన పక్కన మెట్టూరులో మద్రాస్ అల్యూమినియం కంపెనీ 1965లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏర్కాడు కొండల బాక్సైటుతో. ధర్మపురి జిల్లా సేలం నుంచి విడిపోయింది కూడా అదే ఏడు, అక్టోబర్ 2న. అంటే జిల్లా, సత్తు గిన్నె ఒక ఈడువే అనుకోవచ్చు.

అల్యూమినియం మంచి గుణం వేడిని గబగబా గిన్నెంతా పంచడం. స్టీలుకంటే ఇంచుమించు 15 రెట్లు, రాగి అయితే 25 రెట్లు. రాగి సంగటి గెలికిన వాళ్లకి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. పలచటి స్టీలు గిన్నెలో సంగటి అడుగంటుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. మందపాటి సత్తు గిన్నెలో ఒకేలా ఉడుకుతుంది. దీనికీ శత్రువు పులుపే. సత్తు గిన్నెలో చారు కాస్తే లోపల తళతళమని శుభ్రమవుతుంది. అది శుభ్రం కాదు, పై పొర చారులోకి దిగిపోయిందని అర్థం. అన్నం, సంగటి, పాలు సరే, చింతపండు, మజ్జిగ వద్దు.

స్టీలు వచ్చాక ఈ లెక్కలన్నీ మరిచిపోయాము. స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో ఇంగ్లండు షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ చేసింది. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే పైన కంటికి కనబడని పొర ఏర్పడి తుప్పు పట్టదు. సేలం ఉక్కు కర్మాగారానికి 1970లో శంకుస్థాపన జరిగింది, 1981 నుంచి స్టెయిన్‌లెస్ రేకు బయటికి రావడం మొదలైంది. హీత్ కంపెనీ పేరులోకెక్కిన క్రోమ్ సేలం వంటింట్లోకి రావడానికి అటూ ఇటూ నూట యాభై ఏళ్లు పట్టింది. పులుపు, ఉప్పు, మజ్జిగ, దేనికీ చలించని గిన్నె అంటే మన ఆడవాళ్లకి ఎంత విడుదలో ఇప్పుడు పాత గిన్నెల మీద మోజు పడే మనకి అర్థం కాదు. కళాయివాడి కోసం ఎదురుచూడక్కర్లేదు, చింతపండుతో గంటసేపు తోమక్కర్లేదు. వీధి వీధికీ పాత సామానుకి కొత్త స్టీలు అని అరుస్తూ వచ్చేవాళ్లు. మన ఇంట్లోనే కంచు, ఇత్తడి ఎంత తూకానికి పోయిందో లెక్క లేదు. "తెలివి తక్కువై ఇచ్చినామంటావా? నడుము నొప్పికి ఇచ్చినాము" అంది అవ్వ.

కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసేవాళ్లు చాలామంది. అది సగం పరీక్షే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవకరకం కూడా అయస్కాంతానికి అంటదు, అంటుకునే రకాల్లోనూ మంచి స్టెయిన్‌లెస్ ఉంది. స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. గిన్నె అడుగున ఆ గుర్తు చూసుకోవడం మేలు. వంటకి 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకం, అడుగున నడుమ అల్యూమినియం పొర పెట్టినది తీసుకుంటే సంగటి బాధ కూడా తీరుతుంది.

ఇప్పుడు ఈయం చెంబు.

మా అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, ఇది మా ముత్తవ్వ చెంబు. చారు ఇందులో కాస్తేనే చారు. నీళ్లు పోసి పొయ్యెక్కించాల, మంట సన్నగా ఉండాల, ఖాళీగా పెడితే కరిగి బూడిదలో కారిపోతుంది. ఇంతదాకా తగరపు గుణమే. చిన్నాయన కోడలు పాపకి మొదట పెట్టాలనుకున్నది ఈ చెంబు చారే.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. ఇంట్లో తెలుగులో దీన్ని ఒక్కోసారి సత్తు చెంబు అంటాము, అల్యూమినియం గిన్నెనీ సత్తు గిన్నే అంటాము. తమిళంలో ఈయం. ఆ మాట తగరానికీ వాడతారు, సీసానికీ వాడతారు, వీధిలో అల్యూమినియం గిన్నెకీ వాడతారు. విడదీసి చెప్పాలంటే తగరం వెళ్ళీయం, సీసం కారీయం, తెల్లదీ నల్లదీ అని. అంగట్లో అంత విడదీసి ఎవరు అడుగుతారు? మేము చదివింది కన్నడ మీడియం. బడిలో తవర అంటే తగరం, సీస అంటే సీసం, రెండూ పట్టికలో వేరు వేరు గళ్లలో ఉండేవి. ఇంటి భాషలో కలిసిపోయినవి బడి భాషలో విడిగా ఉండబట్టే ఈ అనుమానం వచ్చింది. ఈయం అని కొన్న చెంబులో ఏ ఈయం ఉంది?

సీసం కొంచెం ఉన్నా కొంచెమే గదా అని ఊరుకునే లోహం కాదు. ఎముకల్లో చేరి నిలుస్తుంది, పెద్దవాళ్లకంటే పసిపిల్లల ఒంట్లోకి ఎక్కువ ఎక్కుతుంది, మెదడు ఎదుగుదలని దెబ్బ తీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చారులో చింతపండు, టమాటా, వేడి మూడూ కలిసి లోహాన్ని కరిగించడానికే పనిచేస్తాయి.

ఆఫీసులో మేము చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగే గనక ఇంట్లోనూ పరీక్ష పెట్టాము. వంటింటి త్రాసు మీద చెంబు 640 గ్రాములు. నిండా నీళ్లున్న బేసిన్లో ముంచితే 86 మిల్లీలీటర్లు పొర్లాయి. భాగిస్తే 7.4. తగరం సాంద్రత 7.3, సీసానిది 11.3. సీసమే అయితే ఈ చెంబు 970 గ్రాములు దాటాలి. అందరూ అమ్మయ్య అన్నారు. మాకు మాత్రం ఆ 0.1 మింగుడు పడలేదు. నీళ్ల కొలతలో రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూ అయితే స్వచ్ఛమైన తగరమూ అవుతుంది, నూటికి ఐదారు వంతులు సీసం కలిసినదీ అవుతుంది. మా పరీక్ష ఆ తేడా చెప్పలేదు. ఇలాంటి టెస్టు పాసయితే ఆఫీసులో ఎవరూ సంతకం పెట్టరు.

నగల అంగట్లో బంగారం మాటు చూసే ఎక్స్‌రే మెషీన్ ఉంటుంది. తెలిసిన చోటికి తీసుకెళ్లి బతిమాలితే చెంబుని అందులో పెట్టి చూశారు. ఎక్కువ భాగం తగరం, దాని కింద వరుసలో సీసం. "మా మెషీన్ బంగారానికి సరిచేసింది, వంతు నమ్మకండి సార్, సీసం ఉందన్నది మాత్రం నమ్మండి" అన్నాడాయన. చెంబు మూతి దగ్గర, అడుగున, రెండు చోట్లా చూశాము. రెండు చోట్లా ఉంది.

ఇంటికొచ్చి అవ్వకి చెప్పడానికి భయపడ్డాము. ముత్తవ్వ చెంబులో విషముందని ఎలా చెప్పడం? విని అవ్వ చెంబుని తిప్పి తిప్పి చూసింది. "ఇది మా అత్తది కాదు గదరా నాయనా. అది స్టీలు అండాకి పోయింది. ఇది మీ నాయన పెండ్లికి కొన్నది" అంది. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రెండు చెంబులు మా జ్ఞాపకంలో ఒకటైపోయాయి. ఎక్కడ కొన్నారో ఆ అంగడి ఇప్పుడు లేదు. అచ్చమైన ఈయమని చెప్పే అమ్మారట. చెప్పింది అబద్ధం కూడా కాదు, తమిళంలో రెండూ ఈయమే.

ముత్తవ్వ చెంబు స్వచ్ఛమైనదేనా అంటే, ఏమో, అది ఎవరి కొలిమిలో కరిగిందో. ఈ చెంబుతో ముప్పై ఏళ్లపాటు మేము చారు తాగాము, మాలో కొందరు పసితనం నుంచి. ఆ మాట రాత్రిళ్లు గుర్తొస్తూనే ఉంది. పాప తాగలేదు, అది చాలు.

పంపకాలు ఇలా జరిగాయి. పెనం, పోపు గరిటె చిన్నాయన కోడలికి, రాచిప్ప కూడా ఆమెకే, ముందు ఉత్త నీళ్లు కాచి చూడమని చెప్పి. కంచు కంచాలు మేము తీసుకున్నాము. కింద పడితే పగులుతాయి, జాగ్రత్త. సత్తు గిన్నెల్లో సొట్ట లేనివి రెండు సంగటికి ఉంచి, తక్కినవి పాత సామాను వాడికి వేశాము. ఈయం చెంబుకి అడుగున కన్నం పెట్టించాము. గుర్తుగా ఉంచుకోవచ్చు, పొరపాటున కూడా ఎవరూ చారు కాయలేరు. కన్నం పెట్టేటప్పుడు అవ్వ లోపలికి వెళ్లిపోయింది.

గుండిగలకీ గంగాళానికీ కళాయి పెట్టించాలి. ధర్మపురిలో ఇప్పుడు ఎవరూ లేరు, సేలంలో ఒకాయన ఇంకా చేస్తున్నాడని తెలిసింది. ఫోన్లో మొదట అడిగింది కళాయి కడ్డీ తగరమేనా, సీసం కలిపిందా అని. ఆయన నవ్వి, కడ్డీ మీరే తెచ్చుకోండి, మీ కళ్లెదురుగానే పూస్తాను అన్నాడు. మాసి నెల మొదటి ఆదివారం పోతున్నాము. మీ ఇళ్లలో కళాయి పోయిన గుండిగలుంటే ముందు రోజు సాయంత్రానికి ధర్మపురి ఇంటికి చేర్చండి, బండిలో చోటుంది.